రోగి మాట్లాడే భాష

వైద్యవిద్య కోసం చైనాకు పయనమయ్యే విద్యార్థికి గన్నవరం విమానాశ్రయంలో వీడ్కోలు చెప్పే పెద్దలు ఆవకాయ, కందిపొడి, చలిదుస్తులు సర్దుకొన్నాడో లేదో పదిసార్లు అడుగుతారు. అక్కడి భాష మాట మాత్రం ఎవరూ ఎత్తరు. బోధన అంతా ఆంగ్లంలోనే జరుగుతుందని ప్రవేశాలు ఇప్పించే దళారులు ముందే చెప్పి ఉంటారు. ఆ మాట అబద్ధం కాదు గాని, సగమే నిజం.

ఆంగ్లం తరగతి గది గడప వరకే. ఆసుపత్రి మంచం మీది రోగికి ఆ భాష రాదు. అందుచేతనే ఆంగ్లమాధ్యమంలో చదివేవారు సైతం చైనా భాషలో హెచ్.ఎస్.కె. నాల్గవ స్థాయికి చేరుకోవాలని అక్కడి ప్రభుత్వం నియమం విధించింది. చేరనివారికి పట్టా దక్కదని బీజింగులోని భారత రాయబార కార్యాలయం 2022 సెప్టెంబరులో హెచ్చరించింది. చాలాకాలం ఆ స్థాయికి 1200 పదాలు కొలతగా ఉండేవి. చైనాలో చదివి 2015-2021 మధ్య స్వదేశంలో అర్హతపరీక్ష రాసిన 40,417 మందిలో 6,387 మందే ఉత్తీర్ణులైనారని కూడ ఆ హెచ్చరికలోనే ఉంది. దోషమంతా భాషదే అనలేము. అయినా రోగితో మాట్లాడలేనివాడు రోగలక్షణాలను పుస్తకంలో తప్ప మరెక్కడ చూడగలడు?

తెలుగు విద్యార్థి చైనా భాషను ఆంగ్లం మీదుగా నేర్చుకొనడం పరిపాటి. నిజానికి అంతకన్న దగ్గరి దారి తెలుగే. ఆంగ్లంలో తండ్రి తల్లికీ, తల్లి తల్లికీ ఒకటే పేరు. చైనా భాషలో నాయనమ్మ 'నైనై'. అమ్మమ్మను ఉత్తరాదివారు 'లావ్‌లావ్' అంటారు. అన్నకూ తమ్మునికీ వేరువేరు పదాలున్నాయి. (తమ్ముణ్ణి 'దీది' అంటారని విన్నప్పుడు హిందీ వచ్చినవారు నవ్వకుండా ఉండలేరు.) వృద్ధురాలిని 'నైనై' అని వరుస కలిపి పిలవడం అక్కడి మర్యాద. ముక్కూ మొగమూ తెలియని ముసలమ్మను 'మామ్మగారూ' అని పలకరించే కృష్ణాజిల్లా పిల్లవానికి ఆ మర్యాద ప్రత్యేకంగా నేర్పవలసిన పనిలేదు.

నొప్పి సంగతి మరీ విశేషమైనది. చైనా రోగి తన నడుము 'స్వాన్' అంటాడు. నిఘంటువులో ఆ మాటకు మొదటి అర్థం పులుపు. నడుము పుల్లగా ఉండడమేమిటని విద్యార్థి తెల్లబోతాడు. కాని జ్వరం తగిలి ఒళ్ళంతా తీపులుగా ఉందని ఇంట్లో అమ్మమ్మ మూలగగా విన్నవాడు ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు. మనవారికి తీపైన బాధ అక్కడివారికి పులుపైంది. పోటుకూ సలుపుకూ మంటకూ గల భేదం తెలిస్తేనే గదా వైద్యుడు రోగం పోల్చగలిగేది! ఈ భేదాలు పదాల పట్టికలో దొరకవు. అంగడిలో బేరమాడుతూ, వీధిలో ముసలివారి పక్కన కూర్చుని వింటూ నేర్వవలసినవి. 'మా' అనే ఒక్క అక్షరమే స్వరం మారితే అమ్మ, జనపనార, గుర్రం, తిట్టు అవుతుంది. తప్పు పలికినప్పుడు నవ్వి దిద్దే మనిషి ఎదుట ఉండాలి.

ఆ మనిషి లేని చదువు ఎలా ఉంటుందో కరోనా కాలం చూపింది. 2020 ఆరంభంలో ఇంటికి వచ్చిన విద్యార్థులకు 2022 ఆగస్టులో గాని వీసాలు మళ్ళీ ఇవ్వడం మొదలు కాలేదు. అంతవరకు పాఠాలు ఇంటినుండే విన్నారు. శరీరశాస్త్రం కొంత వంటబట్టి ఉండవచ్చు. తెర ఆరిపోగానే చైనా భాష చెవిన పడడం మాత్రం ఆగిపోయింది.

అక్కడ ఉండి కూడ ఇదే స్థితిని కొనితెచ్చుకొనేవారున్నారు. తెలుగువారంతా ఒక గదిలో చేరి, కలిసి వండుకొని, తెలుగు సినిమాలు చూస్తూ ఏళ్ళు గడుపుతారు. ఊరుగాని ఊళ్ళో పప్పన్నం కోసం వెంపర్లాడే పిల్లలను తప్పుపట్టడం న్యాయం కాదు. రాత్రి భోజనం తెలుగువారితోనే చేయవచ్చు. మధ్యాహ్నం చైనా విద్యార్థుల బల్ల వద్ద కూర్చోవాలి. అసలు తప్పు, పొలం అమ్మి పంపుతున్న తండ్రికి భాష సంగతి దాచిన దళారిది.

కృష్ణాతీరం ఇటువంటి చదువును ఒకప్పుడు ఎదురుదిశలో చూసింది. క్రీ.శ. 629లో చైనా విడిచిన హ్యుయాన్‌త్సాంగ్ నలందాలో ఏళ్ళ తరబడి చదివి, సంస్కృతం వశం చేసుకొని, ధాన్యకటక ప్రాంతానికి వచ్చాడు. అక్కడ కొన్ని నెలలు నిలిచి సుభూతి, సూర్యుడు అనే భిక్షువుల వద్ద మహాసాంఘికుల అభిధర్మం అధ్యయనం చేశాడు. వారు ఆయన వద్ద మహాయాన శాస్త్రాలు చెప్పించుకొన్నారు.