టింగుమందని స్పీకర్ కట్టేయకండి

చెన్నైలో బడిలో తెలుగు లేని మన పిల్లలకు ఆదివారం ఆన్‌లైన్ తరగతే దిక్కు. మధ్యలో కంప్యూటర్ టింగుటింగుమంటోందని కొందరు తాతయ్యలు స్పీకరే కట్టేస్తున్నారు. పంతులమ్మ గొంతూ దాంతోపాటే పోతోంది!

ముందు చప్పుడు ఎక్కడిదో చూడాలంటాను. విండోస్‌లో కింద స్పీకర్ బొమ్మ మీద కుడి క్లిక్ చేసి వాల్యూమ్ మిక్సర్ తెరవండి. సిస్టమ్ సౌండ్స్ ఒక్కటే తగ్గించండి, పాఠం వినిపిస్తూనే ఉంటుంది.

షిఫ్ట్ 5 సార్లు నొక్కితే వచ్చే కూత స్టిక్కీ కీస్‌ది. నో అనేస్తే సరి.

ఏదో తగిలించి తీసినట్టు పదేపదే మోగితే మాత్రం నోరు నొక్కకండి. యూఎస్‌బీ వదులై ఉండొచ్చు. పెళ్లి ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తుండగా అది ఊడితే ఫైళ్లు పాడవుతాయి. ఆ మోత మనకోసమే.