“వయసైపోయింది” అనేది రోగనిర్ణయం కాదు

పెద్దమండ్యం వంటి మెట్టప్రాంతపు గ్రామాలలో పాడిఆవు మేత మానితే ఆ పూటే పశువైద్యునికి కబురు వెళుతుంది. అవ్వ సంగటి ముద్ద సగం వదిలినా, నడక మందగించినా, చిక్కిపోయినా వినిపించేది ఒక్కటే మాట: “వయసైపోయింది.” కొందరు వైద్యులూ ఆ మాటే చెప్పి పంపుతారు. అది రోగనిర్ణయం కాదు. పరీక్షించకుండా తప్పించుకొనే మార్గం.

సాధారణ మానవకణాలు అపరిమితంగా విభజన చెందలేవని 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్ చూపారు. విభజన జరిగినప్పుడల్లా క్రోమోజోముల కొనలపై ఉండే టెలోమియర్లు కురుచవుతాయి. అవి మరీ కురుచయినా, కణం మరొక విధంగా దెబ్బతిన్నా విభజన ఆగిపోతుంది. అలా ముదిరిన కణాలన్నీ నశించవు. మిగిలినవి తాపాన్ని కలిగించే రసాయనాలను విడుదల చేస్తుంటాయి. ఆ తాపప్రక్రియ ధమనులు, గుండె కండరం బిరుసెక్కడానికి, కాళ్ళుచేతుల కండరాలు క్షీణించడానికి తోడ్పడుతుంది. అందువలననే దౌర్బల్యం, హృద్రోగం తరచు జంటగా కనిపిస్తాయి. గుండె నీరసిస్తే నడక తగ్గుతుంది. నడక తగ్గితే కండ కరుగుతుంది.

దౌర్బల్యానికి కొలతలున్నాయి. అకారణంగా బరువు తగ్గడం, అలసట, చేతిపట్టు సడలడం, నడక మందగించడం, శ్రమ తగ్గడం — వీటిలో మూడున్నవారిని దుర్బలులుగా గుర్తించాలని 2001లో లిండా ఫ్రీడ్ బృందం ప్రతిపాదించింది.

“ఈ వయసులో మందులెందుకు?” అంటారా? రక్తపుపోటు ఎక్కువగా ఉండి, 80 ఏళ్ళు దాటిన 3,845 మందిపై జరిపిన హైవెట్ పరిశీలన ఫలితాలు 2008లో వెలువడ్డాయి. ఉత్తుత్తి మాత్రలు వాడినవారికంటే చికిత్స పొందినవారిలో మరణాలు 21 శాతం, హృదయ వైఫల్యం 64 శాతం తగ్గాయి. దుర్బలులకూ ఆ మేలు తగ్గలేదని తరువాతి విశ్లేషణ తెలిపింది.

యౌవనం తిరిగి తెస్తామని అమ్మే గుళికలకు మాత్రం డబ్బు తగలేయకండి. ముదిరిన కణాలను తొలగించే మందులు ఇంకా పరిశోధనలోనే ఉన్నాయి.

మీ ఇంటి పెద్దలను ఈ వారమే వైద్యునికి చూపించండి. రక్తపుపోటు కూర్చున్నప్పుడూ నిలుచున్నప్పుడూ కొలిపించండి. తూలిపడితే మందుల మోతాదు సవరించవలసి రావచ్చు. చక్కెర, రక్తహీనత, గుండె పరీక్షలు చేయించండి. మూత్రపిండాల వ్యాధి లేకపోతే సంగటికి తోడు ఉలవలు, వేరుసెనగలు, పాలు, గుడ్డు పెట్టండి. రోజూ నడిపించండి, కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోమనండి. “వయసైపోయింది” అని ఏ వైద్యుడైనా అంటే, “పరీక్షలలో ఏం తేలిందండీ?” అని అడగండి. అడగడం మీ హక్కు.