కవచంలో కునుకు తీస్తున్న హైడ్రోజన్

చెంచాడు టైటానియం హైడ్రైడ్‌లో చెంచాడు నీళ్లలో కన్నా మూడో వంతు ఎక్కువ హైడ్రోజన్ ఇరుక్కుని ఉంటుంది. న్యూట్రాన్లను ఆపే కవచం కోసం ఫ్యూజన్ రియాక్టర్ల డిజైనర్ల కన్ను లోహ హైడ్రైడ్ల మీద పడింది అందుకే. ఈ రియాక్టర్ల ఇంధనమైన డ్యుటీరియం, ట్రిటియం కలిసినప్పుడు పుట్టే శక్తిలో 80 శాతం న్యూట్రాన్లతోనే పోతుంది. వాటి జోరు తగ్గించడంలో హైడ్రోజన్‌కు సాటి లేదు. న్యూట్రాన్, హైడ్రోజన్ కేంద్రకం రెండింటి బరువూ ఇంచుమించు ఒకటే; గోళీని కొట్టిన గోళీ అక్కడే ఆగిపోయినట్టు న్యూట్రాన్ చతికిలబడుతుంది. ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటీఈఆర్ లాంటి భారీ ఫ్యూజన్ యంత్రానికి కవచంగా స్టీలు, నీళ్లు సరిపోతాయి. చిన్న టోకమాక్‌ల (ఉంగరం ఆకారపు ఫ్యూజన్ యంత్రాల) నడిమి స్తంభంలో అంత చోటు లేదు. పైగా ఆ కవచం చాటునే, మైనస్ 253 డిగ్రీల చలిలో ఉండాల్సిన అయస్కాంతాలు.

అవసరం నిజమే. కానీ ఇది కొంగున నిప్పు మూటగట్టుకోవడం కూడా.

టన్ను టైటానియం హైడ్రైడ్‌లో దాదాపు 40 కిలోల హైడ్రోజన్ ఉంటుంది. విడుదలైతే సుమారు 450 ఘనపు మీటర్ల వాయువు. గాలిలో 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. 400 డిగ్రీలు దాటితే ఈ పదార్థం హైడ్రోజన్‌ను వదలడం మొదలుపెడుతుంది. జిర్కోనియం హైడ్రైడ్ ఇంకాస్త ఓర్చుకుంటుంది. రియాక్టర్ ఆపేసినా, న్యూట్రాన్ల దెబ్బకు రేడియోధార్మికంగా మారిన లోహం వేడి పుట్టిస్తూనే ఉంటుంది. శీతలీకరణ ఆగిన రోజున హైడ్రోజన్ బయటికొస్తే మండే వాయువు ఒక ముప్పు, పలచబడ్డ కవచం మరో ముప్పు.

2011 మార్చిలో జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం భవనాలను పేల్చింది హైడ్రోజనే. ఇంధన గొట్టాల జిర్కోనియం, ఆవిరి కలిసి దాన్ని పుట్టించాయి. ఇక్కడ మనమే ముందుగా నింపి పెడుతున్నాం.

హైడ్రైడ్ అనగానే బెదిరిపోనక్కర్లేదు. ట్రైగా పరిశోధన రియాక్టర్లలో జిర్కోనియం హైడ్రైడ్ ఇంధనం దశాబ్దాలుగా పనిచేస్తోంది. అయితే అక్కడ అది తొడుగులో భద్రంగా, నీటి కొలనులో మునిగి ఉంటుంది.

అమెరికా అణు నియంత్రణ సంస్థ 2023 ఏప్రిల్‌లో ఫ్యూజన్‌ను అణు విద్యుత్ రియాక్టర్ల నిబంధనల కిందికి తేకుండా, రేడియోధార్మిక పదార్థాల లైసెన్సు పద్ధతిలోనే చూడాలని నిర్ణయించింది. ఇంధనం కరిగిపోయే ప్రమాదం లేదు కాబట్టి అది సబబే. కానీ ఆ పరిశీలన రేడియోధార్మికత దగ్గరే ఆగిపోకూడదు. కవచంలో ఎన్ని కిలోల హైడ్రోజన్ ఉంది, శీతలీకరణ ఆగిన ఎన్ని గంటలకు బయటికొస్తుంది, వచ్చాక ఎటు పోతుంది? న్యూట్రాన్ల తాకిడికి గురైన నమూనాలను వేడిచేసి కొలిచిన జవాబులు ఫైలులో చేరాకే డిజైన్‌పై సంతకం పడాలి.