ఆ నలభై ఐదు రూపాయలు ఏ సేవకు?

పొదుపు ఖాతాలో కనీస నిల్వ లేకపోతే వేసే జరిమానాను 2025లో కెనరా బ్యాంకు ఎత్తేసింది. ఆ వెనకే పంజాబ్ నేషనల్ బ్యాంకు, ఇండియన్ బ్యాంకు ఎత్తేశాయి. స్టేట్ బ్యాంకు ఆ పని 2020లోనే చేసింది. పేదవాడికి ఊరట అని పత్రికలు రాశాయి, టీవీల్లో చర్చలు నడిచాయి. అదే ఖాతాలో కిస్తీ తేదీ నాడు పది రూపాయలు తగ్గితే బ్యాంకు కోసుకునే రూ.295 గురించి మాత్రం ఒక్కరూ నోరు మెదపలేదు. పాస్‌బుక్‌లో దాన్ని నాచ్ రిటర్న్ ఛార్జీ అంటారు, పాతవాళ్లు ఈసీఎస్ బౌన్స్ అంటారు. కొన్ని ప్రైవేటు బ్యాంకుల్లో అది రూ.500 దాటుతుంది. ఈ కోత అన్యాయం. అందులో పన్ను పేరుతో తీసుకునే భాగం చట్టం ముందు నిలవదు. ఇప్పటిదాకా తీసుకున్నది తీసుకున్నవాళ్లు తిరిగి ఇవ్వాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

గుంటూరులో మా వీధి ఆటో డ్రైవరు ఒకాయన తన పాస్‌బుక్ పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు. ఆటో మీద ఓ ఫైనాన్స్ కంపెనీ అప్పు ఉంది. కిస్తీ రూ.4,150. ప్రతి నెలా 5న ఖాతాలోంచి దానంతట అదే పోతుంది. ఆ నెల 5న ఖాతాలో ఉన్నది రూ.3,912. తగ్గింది రూ.238. కిస్తీ వెనక్కి వెళ్లింది, బ్యాంకు రూ.295 కోసింది. మిగిలింది రూ.3,617. తగ్గింది రెండొందల చిల్లరే కదా అనుకుని ఆయన 7న రూ.300 వేశాడు. నిల్వ రూ.3,917 అయింది. 8న కంపెనీ మళ్లీ అడిగింది, మళ్లీ చాల్లేదు, మళ్లీ రూ.295 పోయింది. మిగిలింది రూ.3,622. 11న ఇంకో రూ.500 వేస్తే రూ.4,122 అయింది. 12న మూడోసారి అడిగారు. ఈసారి తగ్గింది రూ.28. ఆ ఇరవై ఎనిమిది రూపాయలకు ఇంకో రూ.295.

"మూడొందలేశాను కదా సార్, మళ్లీ ఎందుకు బౌన్స్ అయింది?" అని అడిగాడాయన. లెక్క ఆయనదే సరైనది. మొదటి రూ.295 బ్యాంకు కోయకపోతే 7న ఖాతాలో రూ.4,212 ఉండేది, 8న కిస్తీ కట్టేసుకునేది. రెండో బౌన్సుకూ మూడో బౌన్సుకూ కారణం ఆయన కాదు, మొదటి బౌన్సుకు బ్యాంకు వేసిన ఛార్జీ. జరిమానాయే తప్పును పుట్టించి, ఆ తప్పుకు మళ్లీ జరిమానా వేసింది. బ్యాంకు మూడు విడతల్లో రూ.885 తీసుకుంటే, ఫైనాన్స్ కంపెనీ తన వంతు బౌన్స్ ఛార్జీ రూ.590 రాసుకుంది. రూ.238 తగ్గినందుకు మొత్తం రూ.1,475. కిస్తీ చివరికి కంపెనీ ఆఫీసుకు పోయి నగదుగా కట్టాడు.

ఇక ఆ రూ.295 లోపల ఏముందో చూడాలి. రూ.250 ఛార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.45. జీఎస్టీ అనేది వస్తువు మీదో, సేవ మీదో పడే పన్ను. బ్యాంకు ఇక్కడ అందించిన సేవ ఏది? డబ్బు ఇవ్వమని మరో బ్యాంకు నుంచి విన్నపం వచ్చింది, ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే సేవ అంటున్నారు.

2022 ఆగస్టు 3న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 178వ నంబరు జీఎస్టీ సర్క్యులర్ ఇచ్చింది. ఒప్పందం తప్పినవాళ్ల దగ్గర వసూలు చేసే జరిమానాల మీద పన్ను పడుతుందా లేదా అన్నది దాని విషయం. చెక్కు బౌన్స్ అయినప్పుడు సరుకు అమ్మినవాడైనా, బ్యాంకరైనా వేసే జరిమానా ఏ సేవకూ ప్రతిఫలం కాదని, కాబట్టి దాని మీద జీఎస్టీ లేదని అందులో స్పష్టంగా ఉంది. చెక్కు బౌన్స్ కావాలని ఎవరూ కోరుకోరు, దాన్ని సహించినందుకు పుచ్చుకునే రుసుము కాదది, సహించబోమని చెప్పే దండుగ అన్నది బోర్డు చెప్పిన కారణం. సర్క్యులర్ మనసులో పెట్టుకుని ఆ పాస్‌బుక్ మళ్లీ చదవండి. సేవ కాదని పన్నుల శాఖే చెప్పిన దాని మీద సేవా పన్ను పడుతోంది. ఆ డ్రైవరు దగ్గర ఒక్క నెలలో బ్యాంకు తీసుకున్న పన్ను రూ.135.

సర్క్యులర్‌లో ఉన్నది చెక్కు అనే మాట, నాచ్ అని లేదు కదా అంటారు. ఈ వాదన చేసేవాళ్లు 2007 నాటి చెల్లింపులు, పరిష్కార వ్యవస్థల చట్టం 25వ సెక్షన్ తెరవాలి. ఖాతాలో డబ్బు చాలక ఎలక్ట్రానిక్ చెల్లింపు వెనక్కి వెళ్తే అదీ నేరమే, రెండేళ్ల దాకా జైలు, లేదా ఆ మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. చెక్కు బౌన్సుకు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ వేసే శిక్షే ఇది. జైలుకు పంపేటప్పుడు నాచ్ చెక్కుతో సమానం, పన్ను మినహాయింపు దగ్గరికి వచ్చేసరికి చెక్కు వేరు, నాచ్ వేరు! ఇలాంటి చదువు సామాన్యుడి మీద మాత్రమే పనిచేస్తుంది. 2025 జనవరి 28న అదే బోర్డు మరో సర్క్యులర్‌లో, రుణ షరతులు తప్పినందుకు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు వేసే పీనల్ ఛార్జీల మీద కూడా జీఎస్టీ లేదని తేల్చింది. దారి ఎటు పోతోందో కనిపిస్తూనే ఉంది. బ్యాంకుల సాఫ్ట్‌వేర్‌కు మాత్రం కనిపించదు.

రూ.45 సంగతి ఎందుకింత పట్టుకుంటున్నావని మిత్రుడొకరు అడిగారు. మిగతా రూ.250 గుట్టు విప్పేది ఈ రూ.45 కాబట్టి పట్టుకున్నాను. సేవ కాదని ఒప్పుకుంటే అది జరిమానా. జరిమానా అయితే 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కిందికి వస్తుంది. ఒప్పంద పత్రంలో ఎంత మొత్తం రాసుకున్నా, ఒప్పందం తప్పినవాడి నుంచి సహేతుకమైన పరిహారానికి మించి రాబట్టే హక్కు ఎదుటి పక్షానికి లేదంటుందా సెక్షన్. ఇక్కడ బ్యాంకుకు జరిగిన నష్టమేమిటి? అది తన సొమ్ము ఇవ్వలేదు, అప్పు పెట్టలేదు. నిల్వ చాలదని ఒక కోడ్ కొట్టి కంప్యూటరే తిప్పి పంపింది, మనిషి చెయ్యి పడలేదు. పోనీ సేవే అనుకుందాం. అప్పుడు బ్యాంకుల ఛార్జీలు సహేతుకంగా ఉండాలని, ఆ సేవ అందించడానికి అయ్యే సగటు ఖర్చుకు పొంతన లేకుండా ఉండకూడదని రిజర్వ్ బ్యాంకు ఏనాడో చెప్పిన మాట అడ్డొస్తుంది. సేవ అన్నా చిక్కే, జరిమానా అన్నా చిక్కే. అందుకే పాస్‌బుక్‌లో ఏ పేరూ సరిగా రాయకుండా రెండు మూడు పొడి అక్షరాలతో సరిపెడతారు.

బ్రిటన్‌లో ఇదే తగవు మన కంటే ముందు నడిచింది. డైరెక్ట్ డెబిట్ వెనక్కి వెళ్తే అక్కడి బ్యాంకులు ఒక్కోసారి 30 పౌండ్లకు పైగా కోసేవి. 2006, 2007ల్లో లక్షలాది ఖాతాదారులు మా డబ్బు మాకివ్వండని ఉత్తరాలు రాశారు, చిన్న కోర్టులకెక్కారు, బ్యాంకులు కోట్లాది పౌండ్లు తిరిగి ఇచ్చాయి. తర్వాత కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2009 నవంబరు 25న బ్యాంకులు గెలిచాయి. మన దగ్గర ఈ సంగతి ఎత్తేవాళ్లు ఇక్కడితో ఆపేసి, అక్కడే ఓడిపోయారు, ఇక్కడేం గెలుస్తారు అంటారు. ఎందుకు గెలిచాయో చెప్పరు. ఆ ఛార్జీలు ఖాతా సేవలన్నిటికీ కలిపి చెల్లించే ధరలో భాగమని, ధర న్యాయమా కాదా అని ఆ నిబంధనల కింద విచారించే వీల్లేదని కోర్టు అంది. సేవకు ధర అన్న ఒక్క మాటే అక్కడ బ్యాంకులను కాపాడింది. ఇక్కడ ఆ మాట మన పన్నుల బోర్డే 2022 ఆగస్టు 3న బ్యాంకుల నోట్లోంచి లాగేసింది. సేవ కాదు, ప్రతిఫలం కాదు అంది. బ్రిటన్ తీర్పును మన మీద ప్రయోగించే ముందు 178వ సర్క్యులర్ చదువుకుని రావాలి.

కోర్టులో గెలిచిన బ్రిటన్ బ్యాంకులు కూడా ఆ గెలుపును నిలుపుకోలేకపోయాయి. అనుమతి లేని ఓవర్‌డ్రాఫ్టుల మీద వచ్చే రుసుముల్లో సగానికి పైగా కేవలం 1.5 శాతం ఖాతాదారుల నుంచే వస్తోందని అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ 2016 లెక్కలతో తేల్చింది. వాళ్లెవరో వేరే చెప్పాలా? 2020 ఏప్రిల్ నుంచి స్థిర రుసుములు నిషేధించారు. చెల్లింపు తిరస్కరించినందుకు వేసే ఛార్జీ అసలు ఖర్చుకు దగ్గరగా ఉండాలన్నారు.

మన దగ్గర అలాంటి లెక్క కూడా లేదు. కనీస నిల్వ, అదనపు ఏటీఎం లావాదేవీలు, ఎస్సెమ్మెస్‌లు, ఈ మూడు పద్దుల కింద ప్రభుత్వ బ్యాంకులు, ఐదు పెద్ద ప్రైవేటు బ్యాంకులు కలిసి 2018 నుంచి రూ.35,000 కోట్లకు పైగా వసూలు చేశాయని 2023 ఆగస్టులో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఆ మూడు పద్దుల్లో రిటర్న్ ఛార్జీ లేదు. అడిగిన సభ్యుడూ లేడు.

ఛార్జీ లేకపోతే జనానికి క్రమశిక్షణ ఉండదన్నది బ్యాంకుల వాదన. కావాలని కిస్తీలు ఎగ్గొట్టేవాళ్లు ఉన్నారు, కాదనను. వాళ్లకు సిబిల్ స్కోరు ఉంది, 25వ సెక్షన్ ఉంది, రికవరీ ఏజెంట్లున్నారు. క్రమశిక్షణ గురించి రిజర్వ్ బ్యాంకే 2023 ఆగస్టు 18న మాట్లాడింది. రుణాల మీద పీనల్ ఛార్జీలు క్రమశిక్షణ నేర్పడానికే తప్ప ఆదాయం పెంచుకునే సాధనం కాదని సర్క్యులర్ ఇచ్చింది. మంచి మాట. అదే మాట పొదుపు ఖాతాకు ఎందుకు వర్తించదు? కార్పొరేట్ ఆసుపత్రిలో, ప్రైవేటు బడిలో, షాపింగ్ మాల్‌లో పనిచేసేవాళ్లకు జీతం 7నో, 10నో పడుతుంది. కిస్తీ 5న పోతుంది. ఆ తేదీ పెట్టింది అప్పు ఇచ్చినవాడు, జీతం ఆలస్యం చేసింది యజమాని, జరిమానా మాత్రం మధ్యలో ఉన్న మనిషికి. ఖాతాలో డబ్బు లేకపోతే ఆ ఛార్జీ అప్పుగా నిలిచి ఉంటుంది, ఉపాధి హామీ కూలి పడగానే ముందు దాన్నే మింగుతుంది. ఖాతాలో డబ్బు చూసుకోవద్దా అని నీతులు చెప్పే ఆర్థిక నిపుణులు ఒక్కసారి 5 నుంచి 12 దాకా ఆ డ్రైవరు ఖాతా నడిపి చూపించాలి.

తిరిగి ఇవ్వడం సాధ్యం కాదనే మాటా నమ్మకండి. రూపే, యూపీఐ లావాదేవీల మీద 2020 జనవరి 1 తర్వాత తీసుకున్న ఛార్జీలన్నీ వెనక్కి ఇవ్వాలని అదే ఏడాది ఆగస్టు 30న ప్రత్యక్ష పన్నుల బోర్డు ఆదేశించింది. బ్యాంకులు ఖాతాల్లో తిరిగి జమ చేశాయి. కోయడానికి పనికొచ్చిన కంప్యూటరే తిరిగి వేయడానికీ పనికొచ్చింది.

కనీస నిల్వ ఎంతన్నది బ్యాంకుల ఇష్టం, మా పరిధిలోది కాదని 2025 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు గవర్నరు సంజయ్ మల్హోత్రా అన్నారు. 1999లో ఛార్జీలు నిర్ణయించుకునే స్వేచ్ఛ బ్యాంకులకు ఇచ్చింది రిజర్వ్ బ్యాంకే. ఇచ్చిన స్వేచ్ఛను ఇలా వాడుతుంటే చూస్తూ కూర్చోవడం నియంత్రణ కాదు, భాగస్వామ్యం. రూ.28 తగ్గినందుకు రూ.295 కోయడం ఏ బోర్డు తీర్మానించినా దోపిడీయే. ఒక కిస్తీకి ఎన్నిసార్లు బౌన్సైనా ఒక్క ఛార్జీకి మించకూడదని, అదీ అసలు ఖర్చును దాటకూడదని రిజర్వ్ బ్యాంకు రేపే ఆదేశించవచ్చు. రిటర్న్ ఛార్జీల మీద 2022 ఆగస్టు 3 తర్వాత తీసుకున్న జీఎస్టీ ప్రతి రూపాయీ తిరిగి ఇవ్వమని పన్నుల బోర్డు ఒక్క వాక్యంతో చెప్పవచ్చు.

వాళ్లు చెప్పేదాకా ఆగకండి. పాస్‌బుక్ తీయండి, రూ.295లు ఎన్ని ఉన్నాయో గీత గీయండి. బ్రాంచి మేనేజరుకు రాతపూర్వకంగా రాసి ముద్ర వేయించుకోండి. ఇది ఏ సేవ, 178వ సర్క్యులర్ ప్రకారం దీనికి జీఎస్టీ ఎలా పడుతుంది అని అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయండి. దానికి పైసా ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు. వివరాలకు 14448 నంబరుకు ఫోన్ చేయండి. మా వీధి డ్రైవరు చేత ఆ ఉత్తరం నేనే రాయించాను. రాసి నలభై ఒక్క రోజులైంది. బ్యాంకు నుంచి జవాబు లేదు. ఈ ఉదయం అంబుడ్స్‌మన్‌కు పంపించాం.