వూఫర్ బాక్స్ ఎన్ని లీటర్లు?

కారు డిక్కీ మూలకు అచ్చంగా అతికినట్టు ఫైబర్‌తో మలిచిన వూఫర్ బాక్స్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. స్టెప్నీ తీసుకోవడానికి అడ్డం రాదు, సామాను పెట్టుకునే చోటూ మిగులుతుంది. సీఎన్‌జీ సిలిండర్ డిక్కీని ఆక్రమించేసిన కార్లలోనైతే వూఫర్ పెట్టాలంటే ఇలాంటి వంకర బాక్సే గతి. చేయించుకునేవాళ్లు స్పీకర్ కంపెనీ అడుగుతారు, యాంప్లిఫయర్ వాట్లు అడుగుతారు, పైన అంటించే కార్పెట్ రంగు కూడా ఎంచుకుంటారు. లోపల ఎన్ని లీటర్ల గాలి పడుతుందని అడిగేవాళ్లు అరుదు, ఆ లెక్క బిల్లు మీద రాసిచ్చేవాళ్లు ఇంకా అరుదు. ఒకప్పుడు పటాలాలకు సరుకులమ్మిన రెజిమెంటల్ బజార్ నుంచి మోటారు విడిభాగాలకు పేరుపడ్డ రాణిగంజ్ దాకా సికింద్రాబాద్‌లో బోల్టుకు మిల్లీమీటర్లు, వైరుకు గేజి, ఇంజినాయిల్‌కు లీటర్లు చెప్పందే బేరం తెగదు. వూఫర్ బాక్స్‌కు మాత్రం మినహాయింపు ఎందుకు? వంకర డబ్బాను కొలవలేమన్నది నిలబడే సాకు కాదు. స్పీకర్ బిగించక ముందే లోపలి ఘనపరిమాణం కొలిచి, ఆ అంకె బిల్లు మీద వేయడం తయారుచేసినవాళ్ల బాధ్యత కావాలి.

ఈ అంకెకు ఇంత పట్టింపు ఎందుకంటే, మూసిన డబ్బాలో గాలి స్ప్రింగులా పనిచేస్తుంది. అమెరికాలో ఎడ్గార్ విల్చర్ 1954లో ఈ గుణాన్నే వాడుకుని చిన్న పెట్టెలోంచి లోతైన బేస్ రప్పించాడు. 1961లో ఆస్ట్రేలియా ఇంజినీరు నెవిల్ థీల్, ఆ తర్వాత 1970ల తొలినాళ్లలో రిచర్డ్ స్మాల్ స్పీకర్‌కూ డబ్బాకూ ఉన్న సంబంధాన్ని సూత్రాలుగా రాసిపెట్టారు. నేడు వూఫర్‌తో పాటు వచ్చే కాగితంలో కనిపించే వీఏఎస్, క్యూటీఎస్ అంకెలు ఆ కృషి ఫలితమే. ఒక లెక్క చూడండి. 30 హెర్ట్జ్ సహజ పౌనఃపున్యం, 60 లీటర్ల వీఏఎస్ (కోన్ బిగింపుతో సమానమైన స్ప్రింగు గుణం చూపే గాలి పరిమాణం) ఉన్న వూఫర్‌ను 30 లీటర్ల మూసిన డబ్బాలో పెడితే ఆ జంట దాదాపు 52 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అదే వూఫర్‌ను 30 లీటర్లు అనుకుని నిజానికి 20 లీటర్లే ఉన్న డబ్బాలో పెడితే అది 60 హెర్ట్జ్‌కు ఎక్కుతుంది. లోతు తగ్గి, ఒకే స్వరం దగ్గర గుబగుబలాడే బేస్ మిగులుతుంది. గాలి ఆడేందుకు పోర్టు గొట్టం ఉన్న బాక్స్‌లో ప్రమాదం ఇంకా ఎక్కువ. 40 లీటర్లకని లెక్కేసి 35 హెర్ట్జ్‌కు కోసిన గొట్టం, 28 లీటర్ల డబ్బాలో దాదాపు 42 హెర్ట్జ్‌కు పలుకుతుంది. ఆ పౌనఃపున్యం కంటే కింద కోన్‌ను ఆపే గాలి బలం ఉండదు. పాటలో అంతకంటే లోతైన దెబ్బ పడ్డప్పుడల్లా కోన్ హద్దు దాటి ఊగుతుంది. కాయిల్ దెబ్బతింటే తప్పు స్పీకర్ మీదికి పోతుంది.

పది లీటర్ల తేడా నిజంగా వస్తుందా అని అనుమానించేవాళ్లు టేపు తీసి చూసుకోవచ్చు. బయట ప్రతి వైపూ 36 సెంటీమీటర్లున్న ఘనాకారపు డబ్బా బయటి కొలతల ప్రకారం 46.7 లీటర్లు. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ చెక్క మందం రెండు వైపులా తీసేస్తే లోపల మిగిలేది 34 లీటర్లు. నాలుగో వంతు కంటే ఎక్కువ చెక్కలోనే పోయింది. ఆపైన స్పీకర్ అయస్కాంతం, ఫ్రేము, లోపలి ఆధారపు చెక్కలు, పోర్టు గొట్టం తలా కొంత ఆక్రమిస్తాయి. తిన్నని డబ్బాకే లెక్క ఇంత జారితే, టైరు గూడు వంపును అనుసరించి మలిచిన ఫైబర్ బాక్స్‌ను కంటితో అంచనా వేయడం గుడ్డి పందెమే.

కొలవడానికి ల్యాబ్ అక్కర్లేదు. వాలు పలకలున్న చెక్క బాక్స్ అయితే సగటు లోతు తీసుకుని గుణిస్తే చాలు. వంపులున్నదానికి దాన్ని నింపి చూడటమే మార్గం. నీళ్లు పోస్తే ఎండీఎఫ్ ఉబ్బిపోతుంది. ప్లాస్టిక్ సంచి పరిచి పోస్తే ముడతలు పడి సంచి మూలల్లోకి పోదు. ఇసుక 30 లీటర్లంటే 45 కిలోలు దాటుతుంది, పలచటి ఫైబర్ గోడ ఆ బరువుకు ఉబ్బి కొలతే మారిపోతుంది. బీన్ బ్యాగుల్లో నింపే థర్మకోల్ గింజలు ఈ పనికి బాగా కుదురుతాయి. పోర్టు లోపలి మూతి, వైరు కోసం పెట్టిన రంధ్రం మూసి, స్పీకర్ కోసం కోసిన గుండ్రటి కంత పైకి ఉండేలా బాక్స్‌ను పడుకోబెట్టాలి. గింజలు పోసి, కొద్దిగా కదిపి, మళ్లీ పోసి, మీద బద్దతో చదును చేయాలి. మానికలతో, కుంచాలతో ధాన్యం కొలిచిన మనవాళ్లకు ఇది కొత్త విద్యేమీ కాదు. తర్వాత ఆ గింజల్ని నిటారు గోడలున్న చెక్కపెట్టెలోకి ఒంపాలి. పెట్టె లోపల అడుగు 30 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉండి, గింజలు 31 సెంటీమీటర్ల ఎత్తుకు వస్తే 27.9 లీటర్లు. గింజల మధ్య ఖాళీలున్నాయి కదా అనే సందేహం సహజమే. ఆ ఖాళీలు రెండు పెట్టెల్లోనూ ఒకే పాళ్లలో ఉంటాయి కాబట్టి లెక్క చెడదు, రెండుచోట్లా ఒకేలా కదిపి చదును చేస్తే చాలు. చివరగా కంపెనీ కాగితంలో ఇచ్చిన స్పీకర్ ఆక్రమణను తీసేయాలి.

వంకర ఆకారాల్ని ఇలా నింపి కొలవడం పెద్ద పరిశ్రమలు నమ్ముకున్న పద్ధతే. మన వంటింటి 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ లోపలి కొలతను నీటి పరిమాణంగానే చెబుతారు, అది 33.3 లీటర్లు. కారు ప్రకటనల్లో డిక్కీ ఇన్ని లీటర్లని రాసే అంకె కూడా చాలా కంపెనీల విషయంలో జర్మన్ వీడీఏ పద్ధతిలో తేల్చినదే. 200, 100, 50 మిల్లీమీటర్ల కొలతలుండే, ఒక్కోటి సరిగ్గా లీటరయ్యే దిమ్మెల్ని డిక్కీలో పేర్చి లెక్కపెడతారు. డిక్కీనే లీటర్లలో చూసి కొన్న మనిషికి, అందులో పెట్టిన డబ్బా ఎన్ని లీటర్లో తెలియకపోవడం వింతగా లేదూ?

అనుభవమున్న పనివాళ్లు చెప్పే అభ్యంతరం ఒకటుంది: చివరికి తీర్పు చెవిదే కదా, అంకెలతో పనేమిటి? తీర్పు చెవిదే, కాదనను. ముప్ఫై ఏళ్ల చెవి పట్టే లోపాన్ని ఏ మీటరూ అంత త్వరగా పట్టదు. కానీ చెవి పనిచేసేది రెజిన్ ఎండి, కార్పెట్ అంటించాక. లోపం ఉందని చెవి చెబుతుంది, ఎన్ని లీటర్లు తగ్గిందో చెప్పలేదు. ఈక్వలైజర్‌తో సరిచేస్తామనేవాళ్లకు ఒక లెక్క: 3 డెసిబెల్స్ పెంచాలంటే రెట్టింపు పవర్ కావాలి, 6 డెసిబెల్స్‌కు నాలుగు రెట్లు. ఆ భారమంతా కోన్ మీదా బ్యాటరీ మీదా పడుతుంది. లోపల పాలిఫిల్ దూది కుక్కితే డబ్బా పెద్దదైనట్టు పనిచేస్తుందన్నది నిజమే, అయితే సిద్ధాంతం ప్రకారమే ఆ లాభం 40 శాతం దాటదు, ఆచరణలో అంతకంటే బాగా తక్కువ. ఇంత సూక్ష్మత అవసరమా అన్న ప్రశ్నలో మాత్రం న్యాయముంది. పైన చెప్పిన 30 లీటర్ల డబ్బా 27 లీటర్లే అయితే పౌనఃపున్యం 52 నుంచి 54కు మారుతుంది, దాన్ని ఎవరూ గుర్తుపట్టరు. పది శాతం పొరపాటు సమ్మతమే. థర్మకోల్ కొలత జాగ్రత్తగా చేస్తే ఆ హద్దులోనే ఉంటుంది, కంటి అంచనాకు ఆ భరోసా లేదు.

అసలు వీధుల్ని అదరగొట్టే వూఫర్ల గురించి ఇంత శ్రద్ధా అని కోపగించే పాఠకులూ ఉంటారు. వాళ్ల బాధ నిజమైనది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు పెట్టాయి, వాటిని గట్టిగా అమలు చేయాల్సిందే. కానీ తప్పు డబ్బాలో లోతు రాక, వాల్యూమ్ పెంచి ఆ లోటు పూడ్చుకునే శ్రోత వీధికి మరింత భారం. కొలిచి కట్టిన డబ్బా తక్కువ వాల్యూమ్‌లోనే తృప్తినిస్తుంది.

2019 వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు నాణ్యతతో పాటు పరిమాణం తెలుసుకునే హక్కును కూడా కొనుగోలుదారుకు ఇచ్చింది. వేలు పోసి బాక్స్ చేయించుకునేవాళ్లు దాన్ని వాడుకోవాలి. అడ్వాన్సు ఇచ్చేటప్పుడే మీ వూఫర్‌కు కంపెనీ సూచించిన లీటర్లు కాగితం మీద రాయించండి. పైపూత, కార్పెట్ పడక ముందు, మీ కళ్లెదుటే గింజలు పోసి కొలవమనండి. తేడా పది శాతం దాటితే అప్పుడే సరిచేయించుకోండి, కొలిచిన అంకెను తేదీతో సహా బిల్లు మీద వేయించుకోండి.