సాక్ష్యం చెప్పడానికి రానివాళ్లు

డిసెంబరు 31 రాత్రి పన్నెండు దాటాక మన చర్చిల్లో చాలాచోట్ల వాగ్దాన కార్డులు పంచుతారు. పళ్లెంలోంచి ఒక్కొక్కరూ ఒకటి తీసుకుంటారు. దానిమీద ఏ వాక్యం ఉంటే అది ఆ ఏడాదికి దేవుడు తనతో స్వయంగా పలికిన మాట. ఆ కార్డుల్లో బాగా పేరుపడ్డది యిర్మీయా 29:11. నీ విషయంలో దేవుడికి ఒక ఉద్దేశం ఉంది, అది నీ మేలుకే అన్న భరోసా దాని సారాంశం. ఉద్యోగం రానివాడికీ, వీసా కోసం ఎదురుచూసేవాడికీ, పిల్లలు కలగని ఆవిడకీ అదే మందు.

ఆ మాట ఎవరికి చెప్పిందో అదే అధ్యాయంలో ఉంది. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేము నుంచి బబులోనుకు పట్టుకుపోయిన జనానికి యిర్మీయా పంపిన ఉత్తరం అది. హనన్యా అనే ఇంకో ప్రవక్త కూడా దేవుని పేరు మీదే, రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారని ప్రకటించినట్టు అంతకు ముందు అధ్యాయం చెబుతుంది. యిర్మీయా కాదన్నాడు. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఊరి బాగు కోరుకోండి అని రాశాడు. 11వ వచనానికి ముందు 10వ వచనంలో డెబ్బై ఏళ్ల గడువు కూడా పెట్టాడు. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లంతా దాదాపుగా పరాయి గడ్డ మీదే కన్నుమూయాలి. కార్డు అచ్చువేసేవాళ్లు ఆ గడువును వదిలేస్తారు. వాక్యం యిర్మీయాదే, కార్డు నడిచేది మాత్రం హనన్యా పద్ధతిలో: ఈ ఏడాదే, నీకే.

ఏడాది చివర ఆ కార్డులను వెనక్కి తెప్పించి లెక్క చూసిన సంఘం నాకు కనబడలేదు. లెక్కకు బదులు సాక్ష్యాలుంటాయి. బస్సు తప్పిపోయింది, అదే బస్సు దారిలో బోల్తాపడింది, దేవుడు నన్ను కాపాడాడు అని ఒకాయన మైకు ముందు నిలబడి చెబుతాడు. ఆయన అబద్ధమాడడం లేదు, ఆ కన్నీళ్లు నిజమైనవే. అయితే ఆ బస్సెక్కినవాళ్లలోనూ తెల్లవారి మోకాళ్ల మీద ప్రార్థన చేసుకుని బయల్దేరినవాళ్లు ఉండవచ్చు. వాళ్లు మైకు దగ్గరికి రాలేరు. మేలు జరిగితే దేవుని కాపుదల, ఆలస్యమైతే దేవుని సమయం ఇంకా రాలేదు, కీడు జరిగితే శోధన, మనిషి పోతే ప్రభువు పిలుచుకున్నాడు. ఏది జరిగినా అతికిపోయే వివరణ, జరిగినదాని గురించి మనకు కొత్తగా ఏమీ చెప్పనట్టే.

లెక్క చూసే ప్రయత్నాలు వేరేచోట జరిగాయి. 1872లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఒక కొంటె ప్రశ్న వేశాడు: ఇంగ్లండు చర్చిలన్నిటిలో రాజకుటుంబం ఆయుష్షు కోసం ప్రార్థిస్తున్నారు కదా, మరి రాజులు తక్కిన సంపన్నుల కంటే ఎక్కువకాలం బతుకుతున్నారా అని. ఆయన తీసిన లెక్కల్లో బతకడం లేదు. అది చమత్కారమే తప్ప పకడ్బందీ ప్రయోగం కాదు. పకడ్బందీగా చేసినది 2006లో వెలువడింది. హెర్బర్ట్ బెన్సన్ బృందం అమెరికాలో గుండెకు బైపాస్ ఆపరేషన్ చేయించుకుంటున్న 1,802 మందిని మూడు జట్లుగా విడదీసి చూసింది. ప్రార్థన జరుగుతుందో లేదో తెలియని రెండు జట్లలో, జరిగినవాళ్లకు 52 శాతం, జరగనివాళ్లకు 51 శాతం మందికి ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు వచ్చాయి. మీకోసం ప్రార్థన చేయిస్తున్నాం అని ముందే చెప్పిన మూడో జట్టులో 59 శాతం మందికి వచ్చాయి. ప్రార్థన చేయించాల్సినంత ముదిరిపోయిందా అన్న బెంగే కారణం కావచ్చునని పరిశోధకులు అనుమానించారు. ఆ అధ్యయనానికి డబ్బిచ్చింది నాస్తికులు కాదు, మతానికీ విజ్ఞానానికీ పొత్తు కుదరాలని కోరుకునే టెంపుల్టన్ ఫౌండేషన్.

దేవుణ్ణి పరీక్షకు పెట్టకూడదు అన్నది దీనికి విశ్వాసుల జవాబు. సరే, ఒప్పుకుందాం. పరీక్షకు నిలబడనివాణ్ణి ఫలితాల పట్టికలో మొదటి ర్యాంకు ఇచ్చి చూపించకూడదు కదా. స్వస్థత కూటాల పోస్టర్లు చేసే పని అదే.

ఉద్దేశం సంగతి ఇలా ఉంటే, సన్నిధి సంగతి ఇంకా ఆసక్తికరం. దేవుడు అనుక్షణం పక్కనే ఉన్నాడని చెప్పేవాళ్లు చాలామంది దాన్ని నిజంగానే అనుభవిస్తారు. మానవశాస్త్రజ్ఞురాలు తాన్యా లూర్మన్ అమెరికాలో వైన్‌యార్డ్ చర్చిల వాళ్లతో ఏళ్ల తరబడి కలిసి మెలిగి 2012లో ఒక పుస్తకం రాసింది. అక్కడ కొందరు కాఫీ తాగుతూ దేవుడికి కూడా ఒక కప్పు ఎదురుగా పెట్టుకుని మాట్లాడతారు. మనసులో మెదిలే ఆలోచనల్లో ఏది తనది, ఏది దేవుడిదో వేరుచేయడం నేర్చుకుంటారు. కొందరికి అది త్వరగా పట్టుబడుతుంది, ఊహలో సులువుగా లీనమయ్యే స్వభావం ఉన్నవాళ్లకు మరీను. ఎంత సాధన చేస్తే అంత స్పష్టంగా వినిపిస్తుంది. దేవుడు ఉన్నాడనో లేడనో లూర్మన్ తేల్చలేదు. సాధన చేస్తే పెరిగేది, స్వభావాన్ని బట్టి మారేది బయటినుంచి వచ్చే గొంతా, లోపలి నేర్పా అన్న ప్రశ్న మాత్రం మనం వేసుకోక తప్పదు.

దీనికి పూర్తిగా ఎదురు కొసన ఉన్న మనిషి మదర్ థెరిసా. ఆమె తన ఆధ్యాత్మిక గురువులకు రాసుకున్న ఉత్తరాలు, తగలబెట్టమని ఆమె కోరినా, 2007లో పుస్తకంగా వచ్చాయి. కలకత్తాలో పని మొదలుపెట్టిన కాలం నుంచి 1997లో చనిపోయేదాకా, ఒక చిన్న విరామం తప్ప, దేవుని సన్నిధి ఆమెకు తెలియనే లేదు. లోపలంతా చీకటి, ఖాళీ. బయటికి నవ్వుతూనే పనిచేసింది. ఆ ఉత్తరాలు చదివితే నాకు ఆమె మీద గౌరవం పెరిగింది. చర్చి వాటిని చదివిన తీరు మాత్రం వేరు. అది ఆత్మకు పట్టిన చీకటి రాత్రి, గొప్ప భక్తులకే దక్కే పరీక్ష అంది. 2016లో పునీతురాలిగా ప్రకటించింది. సన్నిధి తెలిస్తే దేవుడున్నట్టు, యాభై ఏళ్లు తెలియకపోతే ఇంకా దగ్గరగా ఉన్నట్టు. ఇక తెలియడానికీ తెలియకపోవడానికీ తేడా ఏముంది?

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నా వాదన కుంటిదవుతుంది. ముహూర్తం చూడనిదే కారు తాళం తీసుకోనివాళ్లు వాగ్దాన కార్డును చూసి నవ్వడం హేతువాదం కాదు, కులం. నీ పేరు దేవుడికి తెలుసు అన్న మాట, నీడ తగిలితే మైల అనిపించుకున్న మాదిగవాడకు ఎంత పెద్ద వార్తో ఊహించుకోవాలి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో 2,222 మంది ఒక్కరోజే బాప్తిస్మం తీసుకున్నారు. అయితే అంతకుముందు కరువులో వాళ్ల ప్రాణం నిలిపింది ఏమిటి? ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ల పైచిలుకు పని కాంట్రాక్టుకు తీసుకుని వాళ్లకు కూలి ఇప్పించాడు. కూడు కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని కరువు తగ్గేదాకా బాప్తిస్మాలు ఆపేశాడు కూడా. దేవుడి ఉద్దేశం ఏమిటా అని ఎదురుచూడని భక్తుడు ఆయన. పలుగూ పారా ఇచ్చాడు, ఆ తర్వాతే నీళ్లలో ముంచాడు.

ఎదురుచూపు నేర్పే భక్తితోనే నా తగువు. మొగుడు కొడుతున్నాడని చెప్పుకున్న ఆడమనిషికి, దీనిలోనూ దేవునికి ఒక ఉద్దేశం ఉంటుందమ్మా, ప్రార్థించు అన్న సలహా దొరికితే, పోలీస్ స్టేషనుకు వెళ్లాల్సిన కాళ్లు ఉపవాస కూడికకు వెళ్తాయి. ఆ సలహా ఇచ్చినవాళ్లు చెడ్డవాళ్లు కానక్కర్లేదు. ఉద్దేశం పైనుంచి ఉందనుకున్నచోట బాధ్యుడు కింద ఉన్నాడని తోచదు, అంతే.

1977 నవంబరు 19న దివిసీమ మీద సముద్రం ఎగదన్నినప్పుడు ప్రభుత్వ లెక్కల ప్రకారమే పదివేల మంది దాకా పోయారు. అందులో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. తర్వాత చర్చి సంస్థలు వచ్చాయి, విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లూ వచ్చారు; ఇళ్లు కట్టడంలో ఇద్దరి మధ్యా పెద్ద తేడా కనిపించి ఉండదు. తీరం వెంబడి తుపాను షెల్టర్లు లేచాయి. ఉపగ్రహం ద్వారా హెచ్చరికలు అందే ఏర్పాటు వచ్చింది. 1990 మే 9న అంతటి తుపానే మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. లక్షల మందిని ముందే తరలించారు. చనిపోయినవాళ్లు వెయ్యి లోపే. ఆ హెచ్చరిక దేవుడే పంపాడని, ఆ షెల్టర్లు దేవుడే కట్టించాడని అనేవాళ్లు అనవచ్చు. అలా అన్నవాళ్లు, పదమూడేళ్ల ముందు అదే తీరంలో అదే దేవుణ్ణి పిలుస్తూ మునిగిపోయినవాళ్ల విషయంలో ఆయన ఉద్దేశం ఏమిటో కూడా చెప్పాలి.