కంపవాత రోగి దిగులునకు వేళ గలదు

కంపవాత రోగుల ఇండ్లలో నేను తరచు వినుమాట ఇది: "అయ్యగారూ, పొద్దున బాగానే మాట్లాడతారు. పదకొండు కాగానే ఊరికే కన్నీళ్లు. అడిగినా పలకరు. అంతా మొండితనం."

మొండితనము కాదు. ఈ వ్యాధికి వాడు లెవోడోపా మాత్ర బలము కొన్నేండ్ల వాడుక పిమ్మట పలువురిలో మూడు నాలుగు గంటలకే తరిగిపోవును. అప్పుడు వణుకు, బిగువులతోపాటు గుబులు, దిగులు కలుగును; ఆలోచన మందగించును. కొందరిలో వణుకుకంటె ముందు దిగులే వచ్చును. మరల మాత్ర పనిచేయగానే చాలవరకు తేరుకొందురు.

ఒక పెద్దాయనకు నేనును విషాదమని తలచి నెలల తరబడి అశ్వగంధ ఇచ్చితిని. ఆయన ఇల్లాలు చెప్పినదాక వేళ సంగతి నాకు తట్టలేదు. నాడి పట్ట నేర్చితిని గాని గోడ గడియారము చూడనైతిని!

ఇంటివారు ఒక వారము మాత్ర వేళ, దిగులు వేళ, భోజన వేళ వ్రాసి నరముల వైద్యునికి చూపవలెను. భోజనమెందుకందురా? పప్పు, పాలు, మాంసములలోని మాంసకృత్తులు ఆ మందు రక్తములోనికి, మెదడులోనికి చేరుటకు అడ్డుపడును.

తోటి వైద్యులకొక మాట. దూలగొండి గింజలలో నున్నదియు లెవోడోపాయే. 1937లో మద్రాసున దామోదరన్, రామస్వామి దానిని వేరుపరచిరి. మన మూలికయే కదా యని మాత్రపై చూర్ణము చేర్చినచో తెలియకయే మోతాదు పెంచినట్లగును; లేని మనుషులు కనబడుట వంటి భ్రమలు కలుగవచ్చును. మాత్రను హఠాత్తుగా మాన్పించుట ప్రాణాపాయమునకే దారితీయవచ్చును. దూలగొండి అడుగవచ్చిన కంపవాత రోగిని నేనిప్పుడు ముందుగా మాత్రల చీటీ తెమ్మందును.